గుడ్డు దిగేదాకా

మా అమ్మ శౌరమ్మకు ఎవరినైనా తిట్టాలంటే ఉన్నచోటి నుంచి కదలాల్సిన పని లేదు. పొయ్యి దగ్గర కూర్చుని రేవులో ఉన్న మనిషిని తిట్టగలదు. అలాంటిది ఆ ఏడు మే నెలలో చేస్తున్న పని ఆపి, చేతులు కడుక్కుని, నడిచి వెళ్లి, నాన్న ఎదురుగా నిలబడి మరీ తిట్టడం మొదలుపెట్టింది. పామర్రులో నేను పనిచేసే బట్టల కొట్టు మూతపడి, ఇంటికి వచ్చి అప్పటికి నాలుగు రోజులు. మొదట నాకు నవ్వొచ్చింది. వయసు మీదపడ్డాక మా అమ్మకు మొగుడంటే మర్యాద పుట్టుకొచ్చిందనుకున్నాను.

ఆదివారం చర్చిలో అనుమానం వచ్చింది. అందరూ లేచాక నాన్న లేస్తున్నాడు, అందరూ మోకరించాక మోకరిస్తున్నాడు. పాటలప్పుడు పక్కవాళ్ల పెదాలు చూసి తన పెదాలు కదుపుతున్నాడు. ఒకప్పుడు ఆయన పాడితే చర్చి రేకులు అదిరేవి. ఇప్పుడు గొంతు బయటికి రావడం లేదు.

ఇంటికి వచ్చాక నాన్న వల బాగుచేసుకుంటుంటే, ఆయన వీపు వెనక స్టీలు బిందె దభీమని వదిలాను. పక్కింటి కుక్క లేచి పరుగెత్తింది. నాన్న చేతిలో దారం ఆగలేదు.

అమ్మ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. "తెలిసిందిగా. ఇంక బిందెలు సొట్టలు పెట్టకు," అంది.

"ఎప్పట్నుంచే?"

"కిస్మస్ పండగప్పట్నుంచి. ఇరవయ్యేళ్లు ఆ ఇంజను పక్కన కూచుంటే ఇనుప చెవులైనా పోతయ్. ఊళ్లో ఎవరితోనూ అనబాక. మీ తమ్ముడితో కూడా."

మరో ఇంట్లో అయితే అది ముసలివాళ్లకు వచ్చే మామూలు జబ్బు. మా ఇంట్లో కాదు. మా పల్లె నాగాయలంక దాటి ఇంకా కిందికి, కృష్ణ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఉంది. పద్నాలుగు ఇంజను పడవలు. అందరూ మా నాన్నను చెవుల ఏసుపాదం అంటారు. తొలకరి పడ్డాక గొరక చేపలు మందలుగా మొగలోకి వచ్చి గుడ్లు పెడతాయి. ఆ చేపలు నీళ్ల అడుగున చప్పుడు చేస్తాయి. ఇంజన్లు ఆపి, తెడ్డు నీళ్లలోకి నిలువుగా దించి, దాని పిడికి చెవి ఆనిస్తే ఆ చప్పుడు చెక్కలోంచి పైకి వస్తుంది. ఎవరు ఆనించినా ఏదో ఒకటి వినిపిస్తుంది. ఆ చప్పుడును బట్టి చేప ఇంకా గుడ్డు మీద ఉందో, అంటే కడుపులో గుడ్డుతో ఉందో, గుడ్డు పెట్టేసి దిగిపోయిందో చెప్పడం మాత్రం మా నాన్నకే తెలుసు. ఆయనకు వాళ్ల మేనమామ నేర్పాడు.

ఆయన తలకు తువ్వాలు చుడితే పద్నాలుగు పడవలూ వలలు దించుతాయి. తువ్వాలు భుజం మీదే ఉంచుకుంటే పద్నాలుగూ వెనక్కి తిరుగుతాయి. కళ్లముందు చేప ఉన్నా సరే, గుడ్డు దిగేదాకా ఎవరూ ముట్టుకోరు. రాసుకున్న కాగితం లేదు, జరిమానా లేదు. ముప్పై ఏళ్లుగా ఏసుపాదం మాట, అంతే.

విజయవాడ తీసుకెళ్లి చెవులు చూపిస్తానన్నాను. ఆయనకు అర్థమవడానికి నాలుగుసార్లు అరవాల్సి వచ్చింది.

"చూపిస్తే మిషను పెడతారు," అన్నాడు నాన్న. "చెవిలో మిషను పెట్టుకున్నోడు తెడ్డుకి చెవి ఆనిస్తే జనం నవ్వరా?"

"మరి ఈ ఏడు ఎట్టా వింటావ్?"

నాన్న కళ్లు దించుకుని దారం కొరికాడు. అంత పెద్దమనిషి తప్పుచేసినట్టు తల వంచుకోవడం చూడలేకపోయాను. అప్పుడే అనేశాను. ఆ మాట ఇప్పటికీ నన్ను వదలలేదు.

"నేను వింటా నాన్నా. నువ్వు ఊరికే తెడ్డు పట్టుకో."

జూన్ అంతా నాకు అదే చదువు. నాన్న అల్యూమినియం బేసిన్ బోర్లించి దాని మీద వేళ్లతో కొట్టేవాడు. తనకు వినపడని చప్పుడును గుర్తు మీద కొట్టేవాడు.

"గుడ్డు మీదున్నప్పుడు ఎడం ఉండదే రత్నం. చాట మీద బియ్యం పోసినట్టు ఆగకుండా ఉంటది. గుడ్డు దిగాక ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ. పని అయిపోయి ఇంటికెళ్లేవాళ్ల మాటల్లాగా. తేడా తెలిసిందా?"

తెలిసిందని తల ఊపేదాన్ని. ఆయన ఇంకోసారి కొట్టేవాడు. ఇంట్లో వేరే పని లేదా అని అమ్మ ఎదురుగా వచ్చి ఇద్దరినీ కలిపి తిట్టేది. ఏమాటకామాటే, ఆ నెల మా ఇల్లు సంతోషంగా ఉంది. చిన్నప్పుడు తమ్ముడికి నేర్పాలని చూసి విసిగిపోయాడు నాన్న. స్టీఫెన్‌కు ఇంజన్లంటేనే ఇష్టం, అందుకే విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ మెకానిక్ అయ్యాడు. నేనూ అడగలేదు, ఆడపిల్లకు నేర్పాలని ఎవరికీ తోచలేదు.

జూలై రెండో వారంలో గొరకలు మొగలోకి వచ్చాయన్నారు. తెల్లవారుతుండగా పడవలన్నీ బయల్దేరాయి. మా వైపు ఆడవాళ్లు పాయల్లో వల లాగడం కొత్త కాదు కాబట్టి నేను పడవెక్కితే ఎవరూ ఏమీ అనలేదు. మొగ దగ్గర అందరూ ఇంజన్లు ఆపి దూరంగా ఉండిపోయారు. మా చిన్న పడవ ఒక్కటే ముందుకెళ్లింది. నాన్న మధ్య బల్ల మీద కూర్చుని తెడ్డు దించి చెవి ఆనించాడు. నేను ఆయన వెనక నీళ్లలోకి దించిన గడ పట్టుకుని, అలిసిపోయినదానిలా దానికి తల ఆనించాను.

వినపడింది. మొదట నా నెత్తురు చప్పుడే అనుకున్నాను. కాదు. అడుగున ఎక్కడో వందల వేళ్లు ఎడతెగకుండా వాయిస్తున్నాయి. ఒళ్లు జలదరించింది. ఏడుపొచ్చింది కూడా. ఇన్నేళ్లు ఈ మనిషి ఇది వింటూ ఇంటికొచ్చి ఏమీ ఎరగనట్టు అన్నం తినేవాడా అనిపించింది.

కాలి బొటనవేలితో నాన్న నడుము మీద ఒకసారి నొక్కాను. ఒకసారి అంటే ఇంకా గుడ్డు మీద ఉన్నాయని. రెండుసార్లు అంటే దిగిపోయిందని. నాన్న కాసేపు బిగుసుకుని కూర్చుని, తెడ్డు పైకి తీశాడు. తువ్వాలు భుజం మీదే ఉంది. పడవలన్నీ వెనక్కి తిరిగాయి.

రేవులో బసవయ్య బాబాయి నాన్న దగ్గరికి వచ్చాడు. పడవల సంఘానికి పెద్ద ఆయనే. "బాగా ఉన్నయ్యా అన్నా?" అని అడిగాడు. నాన్న ఆయన పెదాల వంక చూసి, "చాట మీద బియ్యమే తమ్ముడూ," అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను గర్వంతో ఉబ్బిపోయాను. తర్వాత రెండు రోజులూ అదే చప్పుడు, అదే జవాబు. దాచి చెప్పడమెందుకు, ఆ మూడు రోజులూ నా కాళ్లు నేల మీద లేవు.

నాలుగో రోజు మొగలో నీళ్లు ఎర్రగా ఉన్నాయి. పైన బ్యారేజి గేట్లు ఎత్తారని ముందురోజే చెప్పుకున్నారు. వరద నీళ్లు పోటును నెట్టుకుంటూ వస్తున్నాయి.

నాన్న నీళ్లు దోసిట్లోకి తీసుకుని నాలుకకు తాకించి ఉమ్మేశాడు. "కొత్తనీళ్లు. మెల్లగా విను. తొందరేం లేదు," అని గొంతు తగ్గించాననుకుని గట్టిగానే అన్నాడు. నేను ఎవరికైనా వినపడిందేమోనని వెనక్కి చూశాను. పడవల మీద జనం మా వంకే చూస్తున్నారు. మూడు రోజులుగా వలలు దించకుండా తిరిగి వెళ్తున్నవాళ్లు.

గడకు చెవి ఆనించాను. వాయింపు లేదు. ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ. మళ్లీ ఎడం. ఇంకో రెండు. నాన్న బేసిన్ మీద కొట్టి చూపించింది ఇదే కదా అనుకున్నాను. అయినా మనసులో ఎక్కడో ముల్లు గుచ్చుకుంది. నిన్న అంత చిక్కగా ఉన్న చప్పుడు ఒక్క పూటలో ఇలా ఎలా పలచబడుతుంది? ఇంకాసేపు వినాల్సింది. రేపటిదాకా ఆగమనాల్సింది. కానీ నాకు తెలుసన్న ధీమా ఒకపక్క, అన్ని కళ్లు మామీద ఉన్నాయన్న బెదురు ఒకపక్క.

రెండుసార్లు నొక్కాను.

నాన్న ఎప్పుడూ వెనక్కి తిరిగేవాడు కాదు. ఆ రోజు తిరిగి నా మొహంలోకి చూశాడు. నేను తల ఊపాను. ఆయన భుజం మీద తువ్వాలు తీసి తలకు చుట్టుకున్నాడు.

ఉప్పునీళ్ల మీదికి మంచినీళ్లు వస్తే గొరక బెదిరి అడుగుకు పోయి నోరు మూసుకుంటుందట. నాన్నకు అది తెలుసు. వరద ఇంత ముందుగా వస్తుందనుకోక నాకు నేర్పలేదు; ఆ పూట పడవ మీద విడమరిచి చెబితే జనం వింటారు.

వలలు పైకి లాగుతుంటే ముందు కేకలు వినిపించాయి. సంతోషంతోనే. అంత చేప పడి చాలా ఏళ్లయింది. కుర్రకారు ఈలలు వేశారు. నేనూ నవ్వుతూ లాగాను. పడవలోకి పడిన చేపల కడుపులు ఒకదాని కింద ఒకటి నలిగి పసుపుపచ్చగా చితుకుతుంటే అప్పుడు చూశాను. గుడ్డు. నా పాదాల కింద, వల కన్నుల నిండా, చేతులకు, గాజులకు. నిలబడదామంటే కాలు జారుతోంది.

నాన్న ఒక చేపను రెండు చేతుల్లోకి తీసుకుని పొట్ట మీద బొటనవేలితో మెల్లగా రాశాడు. జారి వచ్చింది దోసెడు. అది ఆయన నీళ్లలోకి వదిలాడు. ఇంకో చేప తీసుకున్నాడు. ఇంకోటి. అది ఇక దేనికీ పనికిరాదని ఆయనకు తెలుసు. అయినా రేవు వచ్చేదాకా అలా పిండి వదులుతూనే ఉన్నాడు. నేను ఇంజను దగ్గర కూర్చుని ఆయన వీపు చూస్తూ ఉండిపోయాను.

రేవులో బసవయ్య బాబాయి మోకాలిలోతు నీళ్లలోకి వచ్చి మా పడవ అంచు పట్టుకున్నాడు. ఆయన చొక్కా కూడా పచ్చగా ఉంది.

"ఏందన్నా ఇది?"

ఆ పెదాలు చదవడం నాన్నకు కష్టం కాలేదు.

"పొరబడ్డాను," అన్నాడు.

"ముప్పయ్యేళ్లలో ఎప్పుడూ పొరబడలేదే."

"ఇప్పుడు పొరబడ్డాను తమ్ముడూ. నాదే తప్పు."

నేను పక్కనే ఉన్నాను. తట్ట చేతిలో ఉంది. నోరు ఉంది, మాట ఉంది. చెప్పలేదు. విన్నది నేనని చెప్పాలంటే నాన్నకు వినపడదని చెప్పాలి. అది చెప్పకూడదు కాబట్టి చెప్పలేదని చాలారోజులు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది సగమే నిజం. మిగతా సగం భయం.

ఆ ఆదివారం స్టీఫెన్ విజయవాడ నుంచి వచ్చాడు, అట్టపెట్టెలో చేపలు చూపించే మిషను పట్టుకుని. బసవయ్య బాబాయే ఫోన్ చేసి తెమ్మన్నాడట. వాడు మంచి మనసుతోనే తెచ్చాడు, నాన్న మీద బరువు తగ్గుతుందని. బాబాయి పడవకు బిగించి, వైర్లు కలిపి, నాన్నను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి తెర ముందు కూర్చోబెట్టాడు. నీలం తెర మీద ఎర్రటి మచ్చలు కదులుతున్నాయి.

"ఇయ్యన్నీ చేపలు నాన్నా. లోతు కూడా చెప్తది. ఎండలో గంటలు గంటలు చెవి ఆనించి కూచునే పని లేదింక."

నాన్న మచ్చల మీద వేలు పెట్టి చూశాడు. "మరి ఇందులో గుడ్డు దిగిందీ లేందీ ఎక్కడ కనపడతది?"

స్టీఫెన్ నా వంక చూశాడు. బసవయ్య బాబాయి వంక చూశాడు. "అది చూపించదు నాన్నా. చేపల్నే చూపిస్తది."

"ఓహో," అన్నాడు నాన్న. పడవ దిగేటప్పుడు తెరకు ఎండ తగలకుండా పక్కనున్న గోనె కప్పి మరీ దిగాడు.

తరువాత రెండు వారాలు తెర మీద మచ్చ కనపడినచోటల్లా వలలు దిగాయి. ఆగడం అనే పని ఎవరికీ లేకుండా పోయింది. ఏసుపాదం కూడా పొరబడ్డాక ఇంక ఎవరు ఎవరి కోసం ఆగాలి? ఎవరూ మా నాన్నను ఒక్క మాట అనలేదు. పడవలు వచ్చినప్పుడల్లా ఇంటికి రెండు చేపలు పంపేవాళ్లు. అమ్మ వాటిని వండేది కాదు. పక్కింటికి ఇచ్చేసేది.

నేను లోపల్లోపల కుళ్లిపోయాను. నాన్నకు చెప్పుకోవాలి. కానీ తెలిసిన నాలుగు మాటలైతే పెదాల మీద పట్టుకుంటాడుగానీ, కొత్త సంగతి చెవిటివాడికి గుసగుసగా చెప్పడం కుదరదు. ఇంట్లో చెబితే వీధంతా వింటుంది. ఆగస్టులో ఒకరోజు ఆయన్ని పడవెక్కించుకుని మడ అడవిలోకి, మనిషి అలికిడి లేని పాయలోకి తీసుకెళ్లాను. అక్కడ ఆయన ఎదురుగా కూర్చుని అరిచాను.

"ఆ రోజు నాకు అనుమానం వచ్చింది నాన్నా. అనుమానం వచ్చినా నొక్కాను."

మడచెట్ల మీది కొంగలన్నీ లేచిపోయాయి. నాన్న అవి సర్దుకునేదాకా చూశాడు.

"తెలుసు. నీ వేలు వణికింది," అన్నాడు. "తెలిసే చుట్టాను తువ్వాలు. ఆగి అడిగితే నీకు సరిగ్గా తెలవదని బయటపడతది. నాకు వినపడదని బయటపడతది. నా నామోషీ కోసం నోరు మూసుకున్నా."

"ఊళ్లో చెప్పేస్తా. తప్పు నాదేనని."

"నేను చెవిటోణ్ణని కూడా చెప్తావా?"

నేను తెడ్డు తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

"వద్దులే," అన్నాడు నాన్న. తర్వాత మామూలుగా బీడీ అడిగినట్టు, "తెడ్డు దించు. ఏమన్నా ఉన్నయ్యేమో చూడు," అన్నాడు.

వరద తీసి నీళ్లు మళ్లీ ఉప్పగా ఉన్నాయి. పడవను మొగ దాకా నడుపుకెళ్లి తెడ్డు దించాను. ఈసారి తొందరపడలేదు. ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా విన్నాను. రెండుచోట్ల విన్నాను, మళ్లీ మొదటిచోటికి వచ్చి విన్నాను. చిన్న మందే. పోయినసారి విన్న దాంట్లో పదోవంతు ఉండదు. కానీ ఎడం లేదు. చిక్కగా, ఆగకుండా.

"ఉన్నయ్ నాన్నా. గుడ్డు మీదున్నయ్. ఈసారి ఒట్టు," అని ఆయన మోకాళ్లు పట్టుకుని చెప్పాను.

నాన్న రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. చేతులు తీసేసరికి కళ్లు తడిగా ఉన్నాయి. "మిగిలినయ్యి. ఇయ్యి పెట్టుకుంటే చాలు. నాలుగేళ్లకి మళ్లీ మొగ నిండుద్ది," అన్నాడు. ఇంటికి వచ్చేదాకా అదే మాట.

మర్నాడు తెల్లవారేసరికి రేవులో పడవలు సిద్ధమవుతున్నాయి. బాబాయి తెర మీదా ఆ మంద కనపడిందట. నాన్న ఉతికిన పంచె కట్టుకున్నాడు. భుజం మీద తువ్వాలు వేసుకుని నేరుగా వెళ్లి పడవల ముందు నిలబడ్డాడు. నేను వెనకే వెళ్లాను.

"గుడ్డు మీదున్నయ్ అబ్బాయిలూ," అన్నాడు. గొంతు కొంచెం పెద్దదైంది, అంతే. "మూడ్రోజులు ఆగండి. మళ్లీ నేనే వచ్చి చెప్తా."

ఎవరూ కదల్లేదు. కొందరు నేల చూపులు చూశారు. పడవలో నిలబడి ఉన్న బసవయ్య బాబాయి నా వంక చూశాడు, తర్వాత నాన్న వంక. ఆ మనిషిని నలుగురిలో కాదనడానికి ఆయనకు నోరు రాలేదు. చెయ్యెత్తి, "సరే అన్నా," అన్నాడు.

నాన్న తల పంకించాడు. వెనక్కి తిరిగి ఇంటి దారి పట్టాడు. మాట చెప్పాక నిలబడి చూసే అలవాటు ఆయనకు ఏనాడూ లేదు. మేం ఇసుక మెరక ఎక్కుతుండగా మొదటి ఇంజను స్టార్టయింది. తర్వాత రెండోది. తర్వాత వరసగా అన్నీ. నేను తల తిప్పి చూశాను. మొగ వైపు బాబాయి పడవే ముందుంది.

"చూశావా," అంటున్నాడు నాన్న. నడక వేగం పెరిగింది. "ఒకసారి పొరబడ్డంత మాత్రాన మనిషి మాట పోదు. అందరూ ఆగారుగా?"

వెనక రేవంతా దద్దరిల్లుతోంది. నేను ఆయనకు ఎదురుగా వెళ్లాను, నా పెదాలు కనపడేలాగా.

"ఆగారు నాన్నా," అన్నాను.

ఇంటికి వెళ్లి చద్దన్నం పెట్టమన్నాడు. చాలా రోజుల తర్వాత రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు. నేను గుమ్మానికి అడ్డంగా, ఆయనకు రేవు కనపడకుండా కూర్చుని, పడవలు తిరిగి రావడానికి ఇంకా ఎంతసేపు ఉందా అని చూస్తూ ఉన్నాను.